అందరికీ వెళ్లిన మెయిలు, ఎవరికీ అందని నిర్ణయం: ఒక ప్రాజెక్టు కేస్ స్టడీ

సరుకుల పంపిణీ చేసే ఒక మధ్యస్థాయి సంస్థ, ఏళ్ల తరబడి వాడిన స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను పక్కనపెట్టి కొత్త ఈఆర్‌పీ వ్యవస్థకు (స్టాకు, అమ్మకాలు, అకౌంట్స్ వంటి విభాగాలన్నిటినీ ఒకేచోట కలిపే సాఫ్ట్‌వేర్‌కు) మారాలని తలపెట్టిన ప్రాజెక్టు ఇది. సంస్థ పేరు, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వెండర్ పేరు ఈ వివరణకు అవసరం లేదు కనుక చెప్పడం లేదు. పని సగానికి వచ్చాక, పాత డేటాను కొత్త వ్యవస్థలోకి ఎక్కించి చూసే తొలి మాక్ రన్ విఫలమైంది. ఆ దశలో ప్రాజెక్టు నిర్వహణను సమీక్షించి దారిలో పెట్టే బాధ్యతతో నన్ను పిలిచారు. డేటా మార్పిడి ప్రోగ్రాములో లోపం ఉందని, దాన్ని సరిచేస్తే గడువు నిలబడుతుందని పిలిచినవారి నమ్మకం. చూస్తే ప్రోగ్రాము తనకు చెప్పిన పనిని తప్పు లేకుండానే చేసింది. మధ్యలో ఒక నిర్ణయం మారింది, ఆ మార్పు ప్రోగ్రాము రాసినవారి దాకా చేరలేదు.

పని చేస్తున్నవారు ప్రధానంగా నాలుగు వైపుల వారు. సంస్థ తరఫున గోదాము, అకౌంట్స్, అమ్మకాల విభాగాల ప్రతినిధులు. వెండర్ తరఫున డెవలప్‌మెంట్ బృందం. డేటా మార్పిడి కోసం విడిగా కుదుర్చుకున్న మరో బృందం. చివరగా టెస్టింగ్ బృందం. వీరందరినీ సమన్వయం చేయవలసిన ప్రాజెక్టు మేనేజర్ సంస్థ ఉద్యోగి. ఆయన గోదాముల నిర్వహణలో అనుభవజ్ఞులు, పని తెలిసినవారు, అందరితో మర్యాదగా ఉండేవారు. మాట్లాడడం చేతకానివారని ఆయన గురించి ఎవరూ అనలేరు. ఈ కేసు ఆసక్తికరంగా తోచడానికి అదొక కారణం.

ఏం జరిగింది

పాత సాఫ్ట్‌వేర్‌లో నిల్వను పెట్టెల లెక్కన ఉంచేవారు. విడి పీసులకు ఆర్డర్లు రావడం పెరిగింది కనుక, కొత్త వ్యవస్థలో నిల్వను పీసుల లెక్కన ఉంచాలని ఒక డిజైన్ సమావేశంలో నిర్ణయించారు. నిర్ణయం సరైనదే, దాని మీద చర్చ కూడా బాగానే జరిగింది. మరునాడు మినిట్స్ (సమావేశంలో తేలినవాటి నమోదు) అందరికీ వెళ్లాయి. అందులో ఈ విషయానికి సంబంధించిన వాక్యం ఇది (ఐటెం మాస్టర్ అంటే ప్రతి వస్తువు వివరాలుండే మూల పట్టిక): “ఐటెం మాస్టర్ ఫార్మాట్‌ను చర్చించిన ప్రకారం మార్చడమైనది. సంబంధిత టీములు గమనించగలరు.”

డేటా మార్పిడి బృందం లీడ్ ఆ సమావేశంలో లేరు, కానీ మెయిలు ఆయనకూ అందింది. ఆయన దాన్ని చదివారు కూడా. అంతకుముందు వారమే ఐటెం కోడ్ పొడవు మార్చడం గురించి ఆయనతో వేరే చర్చ జరిగి ఉంది కనుక, ‘చర్చించిన ప్రకారం’ అంటే ఆ చర్చేనని తీసుకుని, కోడ్ పొడవు మార్చి, తన పని పూర్తయినట్టు భావించారు. ఇందులో నిర్లక్ష్యం ఎక్కడా లేదు. తనకు తెలిసిన చర్చతో ఆ వాక్యం చక్కగా అతికింది, అందుకే ఆయనకు అనుమానం రాలేదు.

మాక్ రన్‌లో ఏమైందో ఊహించడం కష్టం కాదు. పన్నెండు పీసులుండే పెట్టెలు నలభై ఉన్న వస్తువుకు కొత్త వ్యవస్థలో 480 పీసులు కనిపించాలి; నలభై పీసులే కనిపించాయి. ధరలను మాత్రం వెండర్ బృందం నేరుగా కొత్త ధరల పట్టిక నుంచి పీసు లెక్కన ఎక్కించింది. దానితో నిల్వ విలువ పన్నెండో వంతుకు పడిపోయింది. ముందుగా పట్టుకున్నది అకౌంట్స్ విభాగం. టెస్టింగ్ బృందంలో ఒకరికి ఈ అనుమానం ముందే వచ్చింది. కానీ ఆమె దాన్ని డెవలప్‌మెంట్ బృందంలోని పరిచయస్తుడికి చాట్‌లో అడిగి, “అది మైగ్రేషన్ (డేటా మార్పిడి) వాళ్లు చూసుకుంటారులే” అన్న జవాబుతో సరిపెట్టుకున్నారు.

సమీక్ష సమావేశంలో ప్రతి ఒక్కరి దగ్గరా తమ వైపు తప్పు లేదనడానికి ఆధారం ఉంది. మినిట్స్ పంపామని ప్రాజెక్టు మేనేజర్ చూపించారు. డిజైన్ డాక్యుమెంటులో పీసులని రాశామని వెండర్ చూపించారు. మాకిచ్చిన మ్యాపింగ్ పట్టికలో (పాత డేటాలో ఏది కొత్త వ్యవస్థలో ఎలా ఎక్కాలో చెప్పే పట్టికలో) పెట్టెలనే ఉందని డేటా బృందం చూపించింది. ముగ్గురు చూపిన కాగితాలూ నిజమైనవే.

ఇలాంటిదే పెద్ద స్థాయిలో

కొలమానం తేడా వల్ల ప్రాజెక్టు దెబ్బతినడం అరుదైన సంగతి కాదు. నాసా 1998 డిసెంబరు 11న ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక 1999 సెప్టెంబరు 23న అంగారకుడి కక్ష్యలోకి ప్రవేశించే వేళ నష్టమైంది. నిర్మాణ సంస్థ రాసిన భూతల సాఫ్ట్‌వేర్ నౌకను కొద్దిగా నెట్టే చిన్న థ్రస్టర్ల ప్రభావాన్ని పౌండ్-సెకండ్లలో (మెట్రిక్ కాని కొలమానంలో) లెక్కగట్టి ఇచ్చింది. దారి లెక్కలు చూసే నావిగేషన్ బృందం వాటిని మెట్రిక్ కొలమానమైన న్యూటన్-సెకండ్లుగా తీసుకుంది. రెండింటికీ తేడా సుమారు 4.45 రెట్లు. సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున దాటవలసిన నౌక సుమారు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది.

ఈ ఉదంతాన్ని చాలామంది కొలమానాల పాఠంగా చెబుతారు. ప్రాజెక్టు మేనేజర్లు చూడవలసిన భాగం వేరే ఉంది. మెట్రిక్ కొలమానాలే వాడాలని ఇంటర్‌ఫేస్ డాక్యుమెంటులో రాసే ఉంది. దారి లెక్కల్లో ఏదో తేడాగా ఉందని నావిగేషన్ బృందంలో కొందరికి ప్రయాణం మధ్యలోనే అనుమానం వచ్చింది. అయితే ఆ అనుమానాలు అనధికారిక మార్గాల్లో తిరిగాయి తప్ప, అలాంటి వైపరీత్యాలను నమోదు చేయడానికి ఉన్న అధికారిక ప్రక్రియలోకి రాలేదని, బృందాల మధ్య సమాచార మార్గాలు సరిగా లేవని విచారణ బోర్డు ఎత్తిచూపింది. మా ప్రాజెక్టులో డిజైన్ డాక్యుమెంటు, టెస్టర్ చాట్ కూడా ఈ రెండు స్థానాల్లోనే ఉన్నాయి. రాసి ఉన్నది పని చేసేవారి చేతిలోకి రాలేదు, అనుమానం వచ్చిన చోటి నుంచి నిర్ణయం తీసుకునే చోటికి దారి లేదు.

పరిశీలనలో తేలినది

నేను ప్రతి టీమ్ లీడ్‌నూ విడిగా కలిసి ఒకే ప్రశ్న అడిగాను: ఈమధ్య తీసుకున్న నిర్ణయాల్లో మీ పనిని మార్చినవి ఏవి? వచ్చిన జవాబులను మినిట్స్‌లోని నిర్ణయాల పక్కన పెట్టి చూస్తే, చాలా నిర్ణయాలకు ‘ఇది నా పనిని మార్చింది’ అన్నవారే లేరు. కొన్నిటికి ఇద్దరు ముగ్గురు అన్నారు గానీ, ఒక్కొక్కరు చెప్పిన నిర్ణయం ఒక్కో రకంగా ఉంది. మెయిళ్ల సంఖ్య మాత్రం తక్కువేమీ లేదు. రోజూ మెయిళ్లు, వారం వారం పేజీలకొద్దీ స్టేటస్ రిపోర్టు, దాని మీద ఒక సమావేశం, అది కాక చాట్ గ్రూపులు. సమాచారం కొరవడిందని ఏ లీడ్ కూడా ఫిర్యాదు చేయలేదు, ఎక్కువైందనే అన్నారు.

దీని వెనుక ఒక మామూలు గణితం ఉంది. బృందంలో ఉన్నవారి సంఖ్యను, అందులోంచి ఒకటి తీసివేసిన సంఖ్యతో గుణించి, సగం చేస్తే ఇద్దరిద్దరి మధ్య ఉండగల సంబంధాల సంఖ్య వస్తుంది. అయిదుగురుంటే పది; పదిమందికి 45; ఇరవైమందికి 190. ఈ భారాన్ని తగ్గించుకోవడానికి మనం సహజంగా చేసే పని అందరినీ ఒకే మెయిలులో చేర్చడం. అలా చేస్తే పంపేవారి పని తేలికవుతుంది కానీ, అందులో తనకు సంబంధించినది ఏదో వెతుక్కునే భారం చదివే ప్రతి ఒక్కరి మీదా పడుతుంది. ఆ భారం ఎవరు మోశారో, ఎవరు మోయలేదో పంపినవారికి తెలిసే వీలు లేదు. ప్రాజెక్టు మేనేజర్ కొలవవలసింది ఎన్ని మెయిళ్లు వెళ్లాయన్నది కాదని, ఒక నిర్ణయం ఎవరి పనిని మారుస్తుందో వారు దాన్ని తమ పని భాషలో తిరిగి చెప్పగలిగారా అన్నదని నా అభిప్రాయం. ఈ ప్రాజెక్టులో తర్వాత చేసినదంతా ఆ ఒక్క ఆలోచన నుంచి వచ్చింది.

నేర్చుకోవడం ఎలా సాగింది

యాజమాన్యం మొదట ప్రతిపాదించింది ఒక వర్క్‌షాప్. ధీమాగా మాట్లాడడం, ప్రెజెంటేషన్ ఇవ్వడం, శరీర భాష వంటివి అందులో పాఠాలు. అవి పనికిరానివని నేననను, కానీ ఈ జబ్బుకు అది మందు కాదు. మా ప్రాజెక్టు మేనేజర్ అప్పటికే బాగా మాట్లాడేవారు. అందుకే వర్క్‌షాప్ బదులు టీమ్ లీడ్లు, ప్రాజెక్టు మేనేజర్, వెండర్ డెలివరీ మేనేజర్ వారానికోసారి కూర్చుని, ఆ వారం తాము నిజంగా పంపిన మెయిళ్లనే ముందు పెట్టుకుని తిరగరాసే పద్ధతి పెట్టాం. నియమం ఒకటే: మెయిలు రాసినవారు వివరణ ఇవ్వకూడదు, అందుకున్నవారు దాన్ని చదివి తాము ఏం చేస్తారో చెప్పాలి. మొదట్లో ఇది ఇబ్బందికరంగా సాగింది. తన వాక్యాన్ని నలుగురు నాలుగు రకాలుగా చదవడం మౌనంగా వినడం ఎవరికైనా కష్టమే.

విఫలమైన ఆ మినిట్స్ వాక్యాన్నే తొలి అభ్యాసంగా తీసుకున్నాం. తిరగరాశాక అది ఇలా తయారైంది:

“విషయం: నిల్వ లెక్క ఇకపై పీసుల్లో, డేటా మార్పిడి బృందం ప్రోగ్రాము మార్చాలి. విడి పీసులకు ఆర్డర్లు వస్తున్నందున కొత్త వ్యవస్థలో ప్రతి వస్తువు నిల్వనూ పీసుల్లో ఉంచాలని నిర్ణయించాం. పాత వ్యవస్థలోని పెట్టెల సంఖ్యను, పెట్టెకు ఉన్న పీసుల సంఖ్యతో గుణించి ఎక్కించాలి. తదుపరి మాక్ రన్ నుంచే ఇది వర్తిస్తుంది. ఐటెం కోడ్ పొడవు మార్పుకూ దీనికీ సంబంధం లేదు. డేటా బృందం లీడ్ ఒక వస్తువును ఉదాహరణగా తీసుకుని లెక్క వేసి జవాబివ్వాలి.”

దానికి డేటా బృందం లీడ్ ఇచ్చిన జవాబు: “12 పీసుల పెట్టెలు 40 ఉంటే 480 అని ఎక్కిస్తాం. పెట్టెకు ఎన్ని పీసులో పాత వ్యవస్థలో నమోదు కాని వస్తువులకు ఏ సంఖ్య వాడాలి? విప్పిన పెట్టెల్లో మిగిలిన విడి పీసులు ఎక్కడ నమోదయ్యాయి?”

ఈ రెండు ప్రశ్నలకూ అప్పటికి ప్రాజెక్టులో జవాబు లేదు. విడి పీసుల లెక్క గోదాములో ఒక పుస్తకంలో చేతిరాతతో ఉందని ఇన్‌ఛార్జి అప్పుడు చెప్పారు. అంటే మినిట్స్ వాక్యం మీద పడిన నింద అంతా ఆ వాక్యానిదే కాదు. డిజైన్ సమావేశం తీసుకున్న నిర్ణయమే అసంపూర్తిగా ఉంది. ‘గమనించగలరు’ అన్న ముగింపు ఆ లోటును కప్పిపెట్టింది. ఉదాహరణతో లెక్క వేసి చెప్పమని అడిగిన మరుక్షణం అది బయటపడింది. స్పష్టంగా రాయడాన్ని చాలామంది చదివేవారి సౌకర్యం కోసం చేసే మర్యాదగా చూస్తారు. నా అనుభవంలో దాని మొదటి లాభం రాసేవారికే. తాను ఏం తేల్చుకోలేదో రాస్తున్నప్పుడే తెలుస్తుంది.

తిరిగి చెప్పించే ఈ అలవాటు విమానయానంలో పాతదే. 1977 మార్చి 27న టెనెరిఫే ద్వీపంలోని రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది మరణించిన ప్రమాదంలో, ఒక విమానం నుంచి వచ్చిన అస్పష్టమైన మాటకు కంట్రోలర్ ‘ఓకే’ అన్నారు; ఆగి ఉండమని ఆ వెంటనే చెప్పిన మాట, అదే క్షణంలో రెండో విమానం రేడియోలో మాట్లాడడంతో స్పష్టంగా వినపడలేదు. అనుమతి అందుకున్న పైలట్ ‘ఓకే’, ‘రోజర్’ వంటి మాటలతో సరిపెట్టకుండా, అందులోని ముఖ్యాంశాలను తిరిగి చెప్పి తీరాలన్న పట్టుదల ఆ తర్వాత బలపడింది. ప్రాజెక్టుల్లో ‘నోటెడ్’, బొటనవేలి ఎమోజీ, ‘ష్యూర్’ అన్నీ ఆ ‘ఓకే’ కోవలోవే. మన దగ్గర ప్రాణాలు పోవు కనుక వాటిని జవాబుగా ఒప్పుకోవడం అలవాటైపోయింది.

చెడు వార్త చెప్పే దారి

రెండో అంశం స్టేటస్ రిపోర్టు. మాక్ రన్ విఫలమైన వారం వరకూ అందులో డేటా మార్పిడి వరుస పచ్చరంగులోనే, అంటే అంతా సజావుగా ఉందన్న గుర్తుతోనే ఉంది. అలా చూపినవారెవరూ అబద్ధమాడలేదు. ‘80 శాతం పూర్తి’ అని రాసినప్పుడు రాసిన ప్రోగ్రాములను లెక్కపెట్టారు, సరైన ఫలితమిచ్చిన ప్రోగ్రాములను కాదు. అందుకే శాతాలు మాన్పించి, ప్రతి వరుసలో ‘ఏది పనిచేస్తున్నట్టు చూశాం, ఎవరు చూశారు’ అని, దాని కిందే ‘ఏది తేలకపోతే గడువు తప్పుతుంది, ఎవరు తేల్చాలి’ అని రాయమన్నాం. ప్రాజెక్టుకు పైనుంచి అండగా ఉండే స్పాన్సర్‌గా ఉన్న ఫైనాన్స్ డైరెక్టరుకు రంగులంటే ఇష్టం కనుక రంగులు ఉంచాం. కానీ ఎరుపు వేసినవారే ఆయనకు ఎదురుగా వివరించాలన్నాం.

ఇక్కడ అసలు శిక్షణ అవసరమైంది స్పాన్సర్‌కే. ఎరుపు కనిపించగానే ఆయన తొలి ప్రశ్న ‘దీనికి కారణం ఎవరు?’ అని ఉండేది. ఆ ప్రశ్న ఎదురయ్యే చోట ఎరుపు పసుపుగా, పసుపు పచ్చగా మారిపోవడం ఏ సంస్థలోనైనా జరిగేదే. బృందాలకు ఎంత నేర్పినా, పైన వినేవారు మారకపోతే కింద చెప్పేవారు మారరు. నేను ఆయనతో విడిగా మాట్లాడి, మొదటి ప్రశ్నగా ‘నా నుంచి ఏ నిర్ణయం కావాలి, ఎప్పటిలోగా?’ అని అడగమని కోరాను. ఆయన అన్నిసార్లూ పాటించలేదు. పాటించిన సమావేశాల్లో మాత్రం వెండర్ డెలివరీ మేనేజర్ గొంతు విప్పి మాట్లాడారు. మరో మాక్ రన్ కోసం సమయం లేదని, సమయం ఇవ్వకపోతే గో-లైవ్ తేదీ (కొత్త వ్యవస్థను నిజంగా వాడడం మొదలుపెట్టే తేదీ) ప్రమాదంలో పడుతుందని ఆయన చెప్పింది అలాంటి ఒక సమావేశంలోనే. తేదీని వెనక్కి జరపాలన్న నిర్ణయం అక్కడే జరిగింది. వాయిదా ఎవరికీ సంతోషం కలిగించలేదు. కానీ అది ముందుగా తెలిసింది కనుక, అమ్మకాల విభాగం తన ఖాతాదారులకు చెప్పి, పాత వ్యవస్థ లైసెన్సును పొడిగించుకునే వీలు దొరికింది.

గోదాము ఇన్‌ఛార్జి విషయం చిన్నదే అయినా చెప్పవలసినది. సమావేశాల్లో ఆయన దేనికీ అభ్యంతరం చెప్పేవారు కాదు. పై అధికారులు కూర్చున్న గదిలో, ప్రొజెక్టర్ మీద కదిలిపోయే స్క్రీన్లను చూసి, పనివాళ్లు వాటితో ఏం తిప్పలు పడతారో అక్కడికక్కడ చెప్పమనడం న్యాయం కాదు. ప్రాజెక్టు మేనేజర్ ఆయనను గోదాములోనే కలిసి, సరుకు దించుకునే చోట నిలబడి, కొత్త స్క్రీను మీద ఒక లోడు నమోదు చేయించారు. ఒక చేతిలో స్కానర్, రెండో చేతిలో చలానా ఉన్నవారు మూడు స్క్రీన్లు మారలేరన్న మాట అక్కడ నిమిషాల్లో బయటికి వచ్చింది.

పని చేయనివి

రోజువారీ సారాంశం మెయిలు మొదలుపెట్టి త్వరలోనే ఆపేశాం, ఎవరూ చదవలేదు. చాట్ గ్రూపుల్లో నిర్ణయాలు తీసుకోవద్దన్న నియమం నిలవలేదు, నిలవదు కూడా. దానికి బదులు చాట్‌లో తేలిన దాన్ని అదే రోజు నిర్ణయాల పట్టికలో ఎక్కించాలని మార్చాం. ఆ పట్టికలో నిర్ణయం, కారణం, ఎవరి పని మారుతుంది, వారు తిరిగి చెప్పిన మాట అన్న గడులుండేవి. కొన్నాళ్లకు చివరి గడిలో పై వాక్యాన్నే కాపీ చేసి అతికించడం మొదలైంది. అప్పుడు మాటలు వద్దని, ఒక లెక్క గానీ, ఒక నమూనా రికార్డు గానీ, ఒక స్క్రీన్‌షాట్ గానీ పెట్టాలని అడిగాం. పని కొంచెం పెరిగిందని లీడ్లు విసుక్కున్నారు. వారి విసుగు న్యాయమైనదే. అందుకే ఒకే బృందానికి పరిమితమైన నిర్ణయాలను పట్టిక నుంచి మినహాయించాం.

రెండో మాక్ రన్‌లో నిల్వ లెక్క సరిపోయింది. పాత చలానాల మీద తిరిగి వచ్చిన సరుకు విషయంలో మరో తేడా కనిపించింది, కానీ దాన్ని టెస్టింగ్ బృందం రన్‌కు ముందే పట్టికలో ప్రశ్నగా పెట్టి ఉంది. ఈసారి ఎవరు చూసుకుంటారన్న సందేహం రాలేదు.

ఒక సమస్యను మాత్రం ఈ పద్ధతులేవీ తాకలేదు. వెండర్ ఒప్పందం ప్రకారం ప్రతి డిజైన్ మార్పుకూ విడిగా రుసుము ఉంది. ఏదైనా మార్పును స్పష్టంగా రాస్తే అది రుసుము అడగడానికి ఆధారమవుతుందని సంస్థ వైపు వారికి భయం. రాయకపోతే ఉచితంగా చేయించుకుంటారని వెండర్ వైపు వారికి భయం. ఇద్దరూ కావాలనే కొన్ని విషయాలను మసకగా ఉంచేవారు. ఇది రాయడం, మాట్లాడడం నేర్పితే పోయేది కాదు కనుక, నా తుది నివేదికలో దాన్ని ఒప్పందం అంశంగా వేరు చేసి, చిన్న మార్పులకు ముందే ఒక మొత్తం కేటాయించి ఉంచాలని సూచించాను. తర్వాతి దశ ఒప్పందంలో దాన్ని చేర్చే విషయం నేను వచ్చేసే నాటికి ఇరు సంస్థల న్యాయ విభాగాల పరిశీలనలో ఉంది.